కాగితం మీది రెండేళ్లు

అన్నకు,

రమణి నమస్కరించి రాసేది. ఇక్కడ మా ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? వదిన బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా?

విశాఖపట్నం వచ్చి మూడేళ్లయినా ఈ గాలి నాకు పడలేదు. ఉతికిన బట్టలు ఒక పట్టాన ఆరవు, ఆరేలోపు పోర్టు వైపు నుంచి ఎర్రదుమ్ము వచ్చి కూర్చుంటుంది. ఆదివారం వస్తే ప్రతి ఇంట్లోనూ చేపల పులుసు వాసన. నాకేమో మన సంగటి గుర్తొచ్చి దిగులవుతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపు.

ఫోనులో చెబితే మధ్యలోనే నవ్వేస్తావని రాస్తున్నాను. నడుంనొప్పికి డాక్టరు ఈత నేర్చుకోమన్నాడని చెప్పాను కదా. గుత్తిలో బిందెడు నీళ్లతో పెరిగినదాన్ని, పోయిన నెల పోటీల్లో ఈదాను. పెద్దవాళ్ల పోటీలు. వయసును బట్టి అయిదేళ్లకొక వర్గం. ఒక్కో వర్గానికి ఇంత సమయంలోపు చేరాలని గీత పెడతారు. వయసు పెరిగేకొద్దీ ఆ గీత కాస్త సడలుతుంది. ఆలోపు చేరినవాళ్లలో మొదటి ఇద్దరు జాతీయ పోటీలకు వెళ్తారు. నేను రెండోదాన్నయ్యాను. గట్టెక్కి ఏడ్చేశాను. బుద్ధెరిగాక దేంట్లోనూ గెలవలేదు కదా.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. నేను దిగింది నలభై అయిదు నిండినవాళ్లలో. నా అసలు వయసు నలభై మూడు. నువ్వు ఒక్కడివే బడికి పోనని మొండికేస్తే, నాన్న నాకు రెండేళ్లు కలిపి రాయించి నిన్నూ నన్నూ ఒకే క్లాసులో చేర్పించాడు, గుర్తుందా? కాగితం మీద మనం ఇంచుమించు కవలలం. నీ పుణ్యమా అని రెండేళ్లు ముందే రిటైరవుతాను కూడా. ఇన్నాళ్లకు ఆ రెండేళ్లు నాకేదో ఇస్తున్నాయి, పుచ్చుకుంటే తప్పేముంది అని మనసుకు చెప్పుకున్నాను. మనసు వినలేదు.

ఎందుకంటే నా వెనక మూడోదిగా వచ్చింది నూకరత్నం. జాలరిపేట ఆడపడుచు, ఆఫీసులో నా పక్క సీటు. గోడ వదలకుండా వణుకుతున్న నన్ను చెయ్యి పట్టుకుని నీళ్లలోకి తెచ్చింది ఆమే. ఆ రోజు ఆమెకు దూరం పోటీ ఒకటి, మా చిన్న పోటీ ఒకటి. రెంటికీ మధ్య గంట విరామమని ముందు చెప్పారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, తీరిగ్గా మాట్లాడి, ఆ గంటను కాస్తా మింగేశాడు. పాపం, ఊపిరి కుదుటపడకముందే మళ్లీ దూకింది. అయినా గీత లోపలే చేరింది, నాకు చెయ్యెడు దూరంలో.

నిర్వాహకుణ్ని అడిగితే, సర్టిఫికెట్‌లో ఉన్నదే వయసు, మీకెందుకమ్మా ఈ గొడవ అన్నాడు. అతిథి ఆలస్యం నా తప్పు కాదు, నిజమే. కానీ ఆ రెండేళ్లు నావి కావని నాకు తెలుసు. జాతీయ పోటీలకు రాలేనని ఆయనకు చెప్పేసి, నూకరత్నానికి ఉన్న సంగతి చెప్పాను. సంతోషిస్తుందనుకుంటే మండిపడింది.

"నువ్ జాలిపడి ఇత్తే నాకొద్దు," అంది.

జాలి కాదు, వయసు అన్నాను. ఆ మాటకు నవ్వింది.

"మా యమ్మకి నాను పుట్టిన ఏడు తెల్దు. పెద్ద తుపానుకి ముందో ఎనకో అంటాది. బడిలో మేస్టారు నోటికొచ్చింది రాసీసినారు. నాకు యాభై నిండిపోయినాయేమో, ఎవలికి తెలుసు?"

అంటే నాకంటే అంత పెద్దదై ఉండి, అంత అలిసిపోయి కూడా నా వెనకే వచ్చిందన్నమాట. ఆ తర్వాత ఆమెను ఒప్పించడమే నా పనైంది.

బాధ లేదని అబద్ధం రాయను. నిన్న ఆమెను రైలెక్కించి వచ్చాక నాకు అన్నం సయించలేదు. మంచిపని చేశానో పిచ్చిపని చేశానో నువ్వే చెప్పు. మా ఇంటాయన మాత్రం రెండూ ఒకటే అంటున్నాడు.

వదినకు, పెద్దమ్మకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. అమ్మ కాళ్లకు దణ్ణం పెట్టానని చెప్పు. నూరేళ్లు బతకమని ఎప్పుడూ దీవించేదేగా. ఈసారికి అది పక్కన పెట్టి, నాకు తొందరగా నలభై అయిదేళ్లు నిజంగా నిండాలని దీవించమను.

నీ చెల్లెలు
రమణి