కప్పు గెలిస్తే ఛుట్టీ

ఐకాడ్ క్యాంపు, ముసఫ్ఫా, అబుదాబి
మార్చి 2014

ప్రియమైన బిడ్డ ప్రేమకు, బాపు హన్మంతు దీవించి రాసేది.

ఫోన్ల చెప్దామంటే ఇక్కడ అల్లుడు ఇంటడు, అక్కడ మీ అత్త ఇంటది. అందుకే ఊరికొచ్చే వెంకటరాజు చేతికిస్తున్న.

నీ మొగుడు దేవేందర్ ఇప్పుడు ఇనుప పైపులు మోస్తలేడు. హాస్టల్ల నేర్చిన ఫుట్‌బాల్ అక్కరకొచ్చింది, కంపెనీ టీముల ఆడుతుండు. ఆటగాళ్లకు పొద్దుగాల పాలు, గుడ్లు. మిగతోళ్లకు నీళ్ల పప్పు. మెస్సుల వండేది నేనే కాబట్టి తిట్లు గూడ నాకే.

మా ముదీర్, అదే మేనేజరు, వచ్చి అల్లుని పిక్కలు పిసికి చూసిండు, మన దిక్కు పందెం పొట్టేలును చూసినట్టు. నాకు రోత పుట్టింది. కానీ "కప్పు గెలిస్తే ఛుట్టీ, ఇంటికి పోనిస్త" అన్నడు. పాస్‌పోర్టులన్నీ వాని బీరువల ఉండె. రోత మింగి సలాం కొట్టిన.

నా మనుమరాలు సంజన తండ్రిని చూసే రోజు దగ్గరికొచ్చింది బిడ్డా.

నీ బాపు

*

జూన్ 2014

ప్రియమైన బాపూ,

సంజన నడుస్తుంది. "నాన్న ఏడి" అంటే ఫోన్ తెచ్చిస్తది. నాన్న అంటే ఫోనే అనుకుంటుంది.

కప్పు గెలిచిండంట గద. ఫోటో చూసిన, మెడల దండ ఉంది. మరి ఎప్పుడొస్తడు? అడిగితే ఫోన్ల దగ్గి మాట మారుస్తడు. "గుడ్లు మరిగిండు, ఇంకేమొస్తడు" అంటుంది అత్త. నువ్వన్న నిజం రాయి.

నీ బిడ్డ ప్రేమ

*

ఆగస్టు 2014

బంగారు తల్లీ,

నిజం రాస్తున్న, తిన్నంక చదువు.

గెలిచిన నాడు కేకు తెచ్చిండ్రు. దాని మీద ముదీర్ బొమ్మ. గోల్ కొట్టింది అల్లుడు, మొఖం మాత్రం వానిది. అందరితోని చప్పట్లు కొట్టించి, ఇంత క్రీము తీసి అల్లుని నోట్ల కుక్కిండు. ఫోటో దిగినంక ఆ చెయ్యి అల్లుని అంగీకే తుడిచిండు. నేను ఆ పూట అన్నం ముట్టలే. వంటోడు ఉపాసముంటే క్యాంపంత భయపడ్డది, కూరల ఏం పడ్డదో అని.

ఛుట్టీ అడిగితే "ఇంత మంచి ఆటగాణ్ని ఎట్ల పంపుత? వచ్చే కప్పు గెలువు, యల్లా, నడువు" అన్నడు. మంచిగ ఆడుడే తప్పయింది బిడ్డా.

నీ బాపు

*

అక్టోబర్ 2014

బాపూ,

గెలిస్తే పంపకపోతే, ఓడుమను. నేను చెప్పిన అని చెప్పు. పిల్ల కోసం ఒక్కసారి ఓడలేడా?

ప్రేమ

*

ఏప్రిల్ 2015

ప్రియమైన బిడ్డా,

నీ మాట చెప్పిన. "కాళ్లకు ఎట్ల చెప్పాలె మామా" అని కోపానికొచ్చిండు. నాలుగు రోజులు తన పళ్లెం వేరేటోళ్లతోని తెప్పించుకున్నడు. నేను గుడ్లు ఉడికిస్తనే ఉన్న.

ఈసారి కప్పు ఆఖరి ఆటల ఇరుదిక్కుల గోల్స్ సమానమైనయి. అల్లునికి పెనాల్టీ వచ్చింది. గోల్ ముందట కీపర్ ఒక్కడే. కొడితే కప్పు మనది. నేను గోల్ వెనుక నిలబడి నిన్నే తలుసుకున్న. ఉరికొచ్చి తన్నిండు. స్తంభానికి తగిలి బంతి నా చెంపకు కొట్టుకొని పోయింది. అంత తియ్యటి దెబ్బ నేను ఎన్నడు తినలే.

అటెన్క అవతలోళ్లు గోల్ కొట్టి గెలిచిండ్రు. ముదీర్ అందరి ముందట ఉమ్మేసి "ఖలాస్, దీనికి టికెట్ కొట్టుండ్రి" అన్నడు. మనిషిని పట్టుకొని, పశువు లెక్క 'ఇది' అన్నడు. నేను తల వంచుకున్న, నవ్వు కనవడొద్దని.

కొలువు పోయింది. మనిషి వస్తుండు. నీ మాట దక్కించిండు. కోడి కొయ్యి.

నీ బాపు

*

మే 2015

బాపూ,

వచ్చిండు. కోడి కోసినం. సంజన జంకింది గని, ఇప్పుడు అంగి కొస వట్టుకొని తిరుగుతుంది.

"నా కోసం ఓడినవు" అని నేను మొక్కినంత పని చేసిన. ఆయన మొఖం పక్కకు తిప్పుకున్నడు. "ఓడాలని తన్నలేదే. గెల్వాలనే తన్నిన. తప్పింది. వెనుక మీ బాపు అంత సంబురంగ ఉంటే చెప్ప బుద్ధి కాలే" అన్నడు.

ఆ బంతి గోల్ల పడుంటే ఇంక అక్కడనే ఉండేటోడు బాపూ. ఎరికుండే తన్నిండు. ఇప్పుడు గూడ అన్నం ముందట కూసొని ఆ స్తంభం ముచ్చటే. మొగుని మీద రోత పడొచ్చునో లేదో తెల్వదు. కానీ ఆ క్రీము ఇంక ఆయన నోట్లనే ఉన్నట్టుంది.

నిన్న సంజన బంతి తెచ్చి ఆయన కాళ్ల ముందట వెట్టింది. ఆయన తన్నలే. వంగి, చేతులతోని తీసి దాని చేతిల వెట్టిండు.

గుడ్లు మాత్రం తింటలేడు.

నీ బిడ్డ ప్రేమ