బావగారు వద్దన్నారు

జుబైల్, సౌదీ అరేబియా,
శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన మావారికి,

ప్రభువు పేరిట మీ సుందరి చేసే వందనాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. జ్వరం లేదు, డ్యూటీ మానలేదు, వేళకి తింటున్నాను, కాబట్టి బాగున్నట్టే. అక్కడ మీరు కూడా ఆ వానల్లో, ఆ జలగల మధ్య ఒంటికి ఏ హానీ లేకుండా ఉన్నారని దేవుణ్ణి నమ్ముకుని ఉన్నాను.

మీ కంపెనీ ఫిట్టర్ బ్లెస్సన్ ఎల్లుండి బయల్దేరి మీ సైటుకే వస్తున్నాడు. మీ లోయలో ఫోను పలకదు కాబట్టి కాగితమూ కలమూ పట్టుకోక తప్పలేదు. ఈ ఉత్తరంతో పాటు రెండు సీసాల గోంగూర పచ్చడి, మీ మోకాలి పట్టీ, రెండు లుంగీలు పంపుతున్నాను. పచ్చడి నేను పెట్టలేదండోయ్. మన వీధి చివర బకాలా కొట్లో కొన్నాను. మా ఆవిడ పెట్టిందని క్యాంపులో గొప్పలు పోకండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. ఇకామా రెన్యూ అయింది, ఇంకో ఏడాది ఇక్కడ ఉండొచ్చు, కార్డు చేతికొచ్చింది. పడగ్గదిలో ఏసీ బాగు చేయించాను, ఇప్పుడు లారీ మోత లేదు. ఆసుపత్రిలో నాకు డ్యూటీ ఎమర్జెన్సీలోనే వేస్తున్నారు. ఫ్యాక్టరీలు ఆపి చేసే షట్‌డౌన్ పనులు మొదలయ్యాయి కదా, ఎండదెబ్బ తగిలినవాళ్ళు, చేతులు కాలినవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒంటరిగా ఉండలేకపోతున్నానేమోనని అడిగారు. మీరు వెళ్ళాక ల్యాబ్‌లో పనిచేసే నౌషీన్‌ని రెండో గదిలో పెట్టుకున్నాను. హైదరాబాద్ పిల్ల, నోరు మూతపడదు. ఇంట్లో మాటలకి కొదవ లేదు.

మీ ఉత్తరం పొడుగునా చదివాను. అయ్యబాబోయ్, పెళ్ళైన కొత్తలో కూడా నాకింత పొడుగు ఉత్తరం రాయలేదు మీరు! ఆ డ్యామ్ మీద మీ మోజు చూస్తే నాకు సవతి వచ్చిందేమో అనిపించింది. చుట్టూ సముద్రం, మధ్యలో పచ్చటి కొండలు, ఆ కొండల మధ్య ఏటికి అడ్డంగా మీ గోడ. ఇన్నాళ్ళూ డీజిల్ ఉంటే వెలుగు, లేకపోతే చీకటిగా బతికిన దీవికి ఇక తెల్లవార్లూ కరెంటు ఉంటుందని రాశారు. సంతోషం. ఆసుపత్రిలో కరెంటు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. అది మంచి పనే, నేను కాదనను.

ఆ తర్వాత లోయలో ఊళ్ళు ఖాళీ చేస్తున్నారని రాశారు. వెళ్ళే ముందు వాళ్ళు సమాధులు తవ్వి, ఎముకల్ని కొత్తగుడ్డలో చుట్టి, పాటలు పాడుకుంటూ కొండెక్కుతున్నారట. కంపెనీ లారీలు ఇస్తామన్నా వద్దని భుజాల మీదే మోస్తున్నారట. "అచ్చం మనవాళ్ళలాగే సుందరీ, నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు" అన్నారు. ఆ ముక్క రెండుసార్లు చదివాను. తర్వాత లేచి యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాను.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. మా అన్నయ్యకి రాసిన ఉత్తరాలకి జవాబే రాలేదు, ఏమైనా కోపమా అని ఒకటి. సమాధుల పండక్కి సెలవు దొరికింది, తిన్నగా మీ వాళ్ళ కొత్త కాలనీకే వెళ్తాను, పాపని తాతయ్య పక్కనే పెట్టారా, సమాధి రాయి ఎంత వెడల్పుంటే సరిపోతుంది అని రెండోది. రాయి అప్పుడే చెక్కించేశారట కదా. ఆ దీవి మేస్త్రీకి తెలుగక్షరాలు మీరే బొగ్గుతో గీసిచ్చారట. ఆయన "ఏంజెల్" అని నేర్పుగా చెక్కాడట.

ఏవండీ, ఆ రాయి తేకండి. పెట్టడానికి చోటు లేదు.

కూర్చుని చదవండి. ఏ గట్టు మీదో నిలబడి చదవొద్దు.

వేసవిలో మా ఊరు ఖాళీ చేస్తున్నప్పుడు మీరింకా ఇక్కడే ఉన్నారు. ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని, నాన్న సమాధి ఎత్తుతున్నారని మీకు చెప్పాను. పాప సంగతి అడిగితే "అన్నయ్య చూసుకుంటున్నాడు" అన్నాను. మీరు నమ్మారు. నమ్మకేం చేస్తారు?

అన్నయ్య నిజంగానే ఫోన్ చేశాడు. "సుందరీ, రేపు పాస్టరు గారు వస్తున్నారు. నాన్నతో పాటు పాపనీ ఎత్తేద్దాం. కానీ పిల్ల సమాధి ముట్టుకోవాలంటే తండ్రి మాట ఉండాలంటున్నారు పెద్దలు. బావగారిని అడిగి చెప్పమ్మా" అన్నాడు. మీరు నైట్ షిఫ్టు చేసొచ్చి పక్క గదిలో గురక పెడుతున్నారు. లేపితే లేచేవారు. నేను వంటింట్లో పప్పు కలుపుతూ కాసేపు ఊరుకుని, అడిగొచ్చినట్టుగా చెప్పాను. "బావగారు వద్దన్నారు అన్నయ్యా. నిద్రపోయే పిల్లని కదపొద్దన్నారు."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. మీరన్నట్టే అన్నాను.

అన్నయ్య "తండ్రేనా ఆయన?" అని ఫోన్ పెట్టేశాడు. మీ ఉత్తరాలకి జవాబు రానిది అందుకే. మీ మీద కోపం. మీరు చేయని పనికి.

ఎందుకలా అన్నావంటారు. ముందురోజు వదిన చెప్పింది. మా వీధిలో కరుణమ్మ వాళ్ళ చంటిదాన్ని తవ్వితే మట్టి తప్ప ఏమీ రాలేదట. కరుణమ్మ చాట తెచ్చుకుని ఆ మట్టిని చెరిగిందట. గవ్వముక్క కనబడినా, రాయి కనబడినా "ఇదేనా? ఇదేనా?" అని అందరికీ చూపించిందట. చివరికి పాస్టరు గారు చాట లాక్కోవాల్సి వచ్చిందట.

మన పాప రెండు వారాలైనా నిండని పిల్ల. నేను నర్సునండీ, ఆ వయసు ఎముకలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఏటిగట్టు రేగడిలో, ఆ తేమలో ఏమీ మిగలదు. మిగలలేదని మీకు తెలియకూడదనుకున్నాను. నాకూ తెలియకూడదనుకున్నాను. తవ్వనంతకాలం అది అక్కడ ఉన్నట్టే కదా అనుకున్నాను. మొదటి కాన్పని నన్ను పుట్టింటికి పంపింది మీరే. ఆ ఊళ్ళో దాన్ని పడుకోబెట్టినప్పుడు మీరు చొక్కా విప్పి పెట్టెలో కప్పారు. ఆ చొక్కా కూడా ఇప్పుడు ఉండదు.

వర్షాలకి నీళ్ళొచ్చేశాయి. అన్నయ్య కొడుకు వీడియో పంపించాడు. చర్చి శిలువ ఒక్కటే పైకి కనబడింది, మిగతాదంతా బురదనీళ్ళు. డ్యూటీకి వెళ్ళేముందు బస్సులో చూశాను. చూసి ఫోన్ సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు ఒక పాకిస్తానీ వెల్డరు చేతికి కట్టు కట్టాను, చక్కగా కట్టావు సిస్టర్ అన్నాడు.

ఏడుస్తానేమో అనుకున్నాను. స్నానాల గదిలో కుళాయి తిప్పి కూర్చున్నాను కూడా. సముద్రాన్ని శుద్ధి చేసి పంపే నీళ్ళు, వృథా అయ్యాయి. నౌషీన్‌కి చెబితే అదే బావురుమంది. "గింత పెద్ద ముచ్చట కడుపుల పెట్టుకొని ఎట్ల తిరుగుతున్నవ్ అక్కా?" అని నన్ను పట్టుకుని ఊపేసింది. నేను దాని తల నిమిరి టీ పెట్టాను. నాకు బాధగా లేదని కాదు. ఉంది. మత్తుమందు ఇచ్చిన చెయ్యిలా ఉంది, నాదేనని తెలుస్తోంది, గిల్లితే తెలియడం లేదు.

నిన్న అన్నయ్యకి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "ఇన్నాళ్ళూ ఆ మనిషిని తిట్టుకున్నానే" అని తనే కుమిలిపోయాడు. "ముందు ఆయనకి చెప్పు. ఆయన రాయి పట్టుకుని మా గుమ్మంలో నిలబడితే నేనేం చెప్పేది?" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. మీ సెలవు మీ ఇష్టం. రావాలనిపిస్తే రండి, నా మొహం చూడాలనిపించకపోతే రావద్దు. రాయి ఏం చేయాలో నాకు తోచడం లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నీళ్ళు నింపే రోజున ఆ గేటు దించేది మీ మనుషులేనని రాశారు. దించే ముందు ఆ ఊళ్ళవాళ్ళని ఒకసారి కనుక్కోండి. మగవాళ్ళని కాదు, ఆడవాళ్ళని. మీ వంటమనిషి ఆవిడకి వాళ్ళ భాష వచ్చు కదా, ఆవిణ్ణి తీసుకెళ్ళండి. కింద సమాధుల్లో మావాళ్ళింకెవరూ లేరు అని గబగబా చెప్పేసిన ఆడది ఉంటే, ఆవిడ దగ్గరికి రెండోసారి వెళ్ళండి. తవ్వమని కాదు. ఆవిడ మొగుడికి తెలుసో లేదో అడగమనండి, అంతే.

మందులు వేళకి వేసుకోండి. తడిబట్టలతో పడుకోకండి.

ఏవండీ, ఇది చదివాక మీకు ఏడుపొస్తే ఆపుకోకండి. పక్కన బ్లెస్సన్ ఉన్నాడని సిగ్గుపడకండి. మనిద్దరిలో ఎవరో ఒకరు దానికోసం ఏడవాలి. నాకు రావడం లేదు.

ఇట్లు,
ఏంజెల్ వాళ్ళమ్మ