మందు కొట్టని నాలుగు సాళ్ళు

కార్తీకం, గురువారం రాత్రి. యాలాల్.

నేను చెప్పింది చెప్పినట్టే రాయమని మనవరాలిని కూర్చోబెట్టాను. ముసలిదానికి మతి పోయిందని రేపు ఎవరైనా అంటే, నా మాట కూడా ఒకచోట ఉండాలి.

పురుగుల మీద పరిశోధన చేసే అమ్మాయి వానాకాలంలో మా కంది చేనుకు వచ్చింది. నాలుగు సాళ్ళు మందు కొట్టకుండా వదిలితే, ఏ పురుగు కాయను తింటుందో, ఆ పురుగును ఏ పురుగు తింటుందో చూస్తానంది. సరేనని మాటిచ్చాను. ఇప్పుడు ఆ సాళ్ళలో ఏ కాయ చూసినా బొక్కే. తాండూరు బాటన పోయేవాళ్ళంతా ఆగి మరీ నవ్వుతున్నారు.

పొద్దున మా మరిది వీపుకు మందు పంపు తగిలించుకుని వచ్చాడు.

“వదినా, ఇజ్జత్ పోతున్నది. గా నాలుగు సాళ్ళకు నేనే కొడ్త. జర పక్కకు జరుగు.”

నేను అడ్డంగా నిలబడ్డాను. “కొడితే నా మీద కొట్టు. ఆ పిల్లకు మాటిచ్చిన.”

“పురుగులను సాదుతున్నవా?”

“సాదుతున్న. చిన్నప్పుడు నిన్ను సాదలేదా?”

వాడు నవ్వి పంపు దించాడు. ఇన్నేళ్ళూ శుభ్రమైన చేనుకు పేరు మోసినదాన్ని. పురుగు పట్టిన సాళ్ళ ముందు ఇంత పొగరుగా నిలబడతానని ఎన్నడూ అనుకోలేదు.

పోతూ పోతూ వాడు మెల్లగా అడిగాడు. “మరి గీ పురుగు నా చేనుల పడితే?”

“పడితే నేనే వచ్చి చెట్టుచెట్టు దులిపి ఏరుత.”

వాడి చేను మా చేనుకు రెండింతలు. అన్న మాట వెనక్కి తీసుకునేదాన్ని కాను. నా మోకాళ్ళ సంగతి మాత్రం వాడికి చెప్పలేదు…