సూపరింటెండెంటు గారికి తెలియని సన్మానం

బుచ్చిరెడ్డిపాలెం,
2-4-1962

రేవుపాలెం పశువుల సంత సూపరింటెండెంటు రంగనాయకులు గారి సముఖానికి, ఇరవయ్యేళ్ళుగా తమ సంతలో దళారిగా బతుకుతున్న సుభాని సలాం చేసి రాసుకున్నది.

ఇక్కడ పశువులూ మనుషులూ క్షేమం. రిటైరయ్యే లోపల మిగిలిన సెలవు వాడుకుందామని తమరు మనుబోలులో అత్తగారింటికి వెళ్ళినప్పటి నుంచి సోమవారం సంత సంతలా లేదు. గేటు దగ్గర ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు.

విషయం ఏమిటంటే, తమ గురించి ఇక్కడ ఒక కమిటీ వేశాం. నన్ను కార్యదర్శిని చేశారు. అది ఏం కమిటీ అన్నది తమకు చెప్పకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానం జరిగింది, కనుక అడగవద్దు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో తమరు చేసినవన్నీ, ముఖ్యంగా ఎవరికీ తెలియకుండా చేసినవి, ఒక కాగితం మీద రాసి పంపాలి. సాక్షులుంటే పేర్లు కూడా వేయండి.

ఇట్లు,
తమ సుభాని, కార్యదర్శి

తా.క.: తమ మెడ చుట్టుకొలత అంగుళాల్లో కావాలి. ఇందుకు కూడా కారణం అడగవద్దు.


మనుబోలు,
5-4-1962

సుభాని గారికి రంగనాయకులు నమస్కారం.

మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు మజ్జిగ కూడా లోపలికి పోవడం లేదు. ఇరవై అయిదు రోజుల్లో రిటైరయ్యే మనిషి మీద కమిటీ వేయడం ఏమిటో, దానికి పశువుల దళారి కార్యదర్శి కావడం ఏమిటో అర్థం కాలేదు. పైవాళ్ళు మీ చేత రాయించారని మాత్రం తెలిసింది. నేను చేసిన తప్పు మీకు తెలిసే అడుగుతున్నారు కనుక దాచను.

పందొమ్మిది వందల యాభై మూడులో ఎవరో ఒక గుడ్డి ఆవును సంతలో వదిలేసి పోయారు. నిబంధన ప్రకారం దాన్ని బందెలదొడ్డికి తోలాలి. అక్కడ దాని గతి ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని షెడ్డు వెనక కట్టేసి, ఆఫీసు సామాన్ల జాబితాలో ‘చేతులు లేని కుర్చీ, ఒకటి’ అని రాసుకున్నాను. నాలుగు కాళ్ళున్నాయి కనుక పూర్తిగా అబద్ధం కాదని నన్ను నేను ఓదార్చుకున్నాను. తనిఖీకి వచ్చిన ఒకాయన ఆ కుర్చీ ఏదని అడిగాడు. మేతకు పోయిందని నోరు జారాను. ఆయన నన్ను ఒక నిమిషం చూసి, ఎండ ఎక్కువగా ఉందంటూ వెళ్ళిపోయాడు.

ఇంతకంటే నాకు గుర్తు లేదు. నా పరువు మీ చేతుల్లో ఉంది.

రంగనాయకులు

తా.క.: మెడ కొలత ఎందుకో చెబితేనే పంపుతాను.


బుచ్చిరెడ్డిపాలెం,
9-4-1962

పెద్దలు రంగనాయకులు గారికి సుభాని సలాములు.

కుర్చీ సంగతి కమిటీలో చదివాను. సభ్యులందరూ చాలా సంతోషించారు. ఇలాంటివే ఇంకా కావాలంటున్నారు. ఈ ఒక్కదానితో పేజీ నిండదు. ఇదంతా అచ్చు వేయించి, గాజు పలక బిగించి, సంత గేటుకు తగిలించాలని తీర్మానం. రైతులు ఇంటికి తీసుకుపోవడానికి మరో అయిదు వందల కాగితాలు వేరే వేస్తున్నాం.

ముప్ఫయ్యో తేదీ సోమవారం తమరు తప్పక రావాలి. గూడుబండి పంపిస్తాం. రానంటే ఎత్తుకొచ్చి బండిలో వేయడానికి నలుగురు గట్టి మనుషులను కూడా పంపుతున్నాం. రాగానే డప్పులతో ఊరంతా తిప్పి, మైదానం నడిమధ్య నిలబెట్టి, అందరి ముందూ కాగితం చదువుతాం.

ఇట్లు,
సుభాని

తా.క.: మెడ కొలత కోసం ఒక మనిషి బజారులో పని మానుకుని కూర్చున్నాడు.


మనుబోలు,
13-4-1962

గౌరవనీయులైన కమిటీ కార్యదర్శి సుభాని గారి దివ్యసముఖానికి, రంగనాయకులు వినయంగా విన్నవించుకుంటున్నాను.

అయ్యా, గుర్తు లేదని రాయడం తప్పే. గుర్తుంది. పదేళ్ళ కిందట చిల్లకూరు వైపు నుంచి మాలకొండమ్మ అనే ఆవిడ, మొగుడు పోయిన మూడో నెలలో, ఉన్న ఒక్క ఎద్దును అమ్ముకోవడానికి వచ్చింది. బేరం కుదిరి పలుపు కొన్నవాడి చేతికిచ్చాక ఆవిడ ఏడవలేదు, అరవలేదు. ఎద్దు గంగడోలు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. నేను పోయి ఎద్దు నోరు తెరిచి చూసి, గాలికుంటు రోగం ఉంది, అమ్మకం చెల్లదు, ఇంటికి తోలుకుపొమ్మని కాగితం రాసిచ్చాను. ఎద్దుకు ఏ రోగమూ లేదు. అంత చక్కటి నోరు నా సర్వీసులో చూడలేదు.

డప్పులు మాత్రం వద్దని వేడుకుంటున్నాను. మా అత్తగారికి ఎనభై ఏళ్ళు. అల్లుణ్ణి ఊరేగించారని వింటే తట్టుకోలేదు.

తమ విధేయుడు,
రంగనాయకులు

తా.క.: మెడ పదిహేను అంగుళాలు. మా ఆవిడ ప్రమీలమ్మ దారంతో కొలిచింది. కొలుస్తూ ఏడ్చింది.


బుచ్చిరెడ్డిపాలెం,
16-4-1962

సూపరింటెండెంటు గారికి.

ఉత్తరం అందింది. ఆ ఎద్దు బేరం కుదిర్చిన దళారిని నేనే. దాన్ని కొనడానికి వచ్చిన ఆసామి, రోగిష్టి గొడ్డును అంటగట్టబోయానని సంతలో అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నాడు. రెండేళ్ళు నా మొహం చూడలేదు. ఈ సంగతి తమరూ నేనూ ముప్ఫయ్యో తేదీన ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవలసిందే.

సుభాని

తా.క.: కాగితం పైభాగాన వయసు వేయాలని ప్రెస్సువాడు అంటున్నాడు. అచ్చులో అబద్ధం ఉండకూడదు, అసలైన పుట్టిన సంవత్సరం వెంటనే రాయండి.


బుచ్చిరెడ్డిపాలెం,
17-4-1962

మా రంగనాయకులు గారికి సుభాని చెంపలేసుకుని రాస్తున్నది.

నిన్న కోపంలో ఉత్తరం పోస్టులో వేశాను. రాత్రి తమ పాత ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివితే నా తెలివి నాకు తెలిసింది. అయ్యా, ఇది విచారణ కమిటీ కాదు, సన్మాన కమిటీ. మెడ కొలత పూలదండకు. బజారులో కూర్చున్నవాడు పూలు కట్టేవాడు. గట్టి మనుషులెందుకంటే, అయిదేళ్ళ కిందట శాలువా కప్పబోతే తమరు గోడ దూకి పారిపోయారు కనుక. ముందే తెలిస్తే మళ్ళీ దూకుతారని దాచాం.

మాలకొండమ్మ కూడా కమిటీలో ఉంది. ఈ పొద్దున ఎద్దు సంగతి చదివి వినిపించగానే లేచి నిలబడింది. “నా ఎద్దుకు రోగం లేదని నాకు తెలవదా? ఆయన నాకోసరం అబద్ధమాడినాడు. బయటపడితే ఆయన ఉజ్జోగం పోతాదని పదేళ్ళు నోరు మూసుకున్నా” అంది. నా కోపం అక్కడితో పోయింది. నా మాట పోతే పోయింది, ఆవిడ ఆ ఒక్క ఎద్దుతో కవులుకు చేసి ఇద్దరు పిల్లల్ని పైకి తెచ్చింది.

తమరు కంగారుపడి ఏ పనీ చేయవద్దు. ముప్ఫయ్యో తేదీన వస్తే చాలు.

ఇట్లు,
తప్పు తెలుసుకున్న సుభాని

తా.క.: వయసు మాత్రం పంపండి. అది నిజంగానే ప్రెస్సుకు కావాలి.


మనుబోలు,
27-4-1962

తమ్ముడు సుభానికి మీ అన్న రంగనాయకులు దీవెనలు.

ఏ పనీ చేయవద్దని నువ్వు రాసిన ఉత్తరం నిన్న చదివాను. అప్పటికే చేయవలసినదంతా చేసి ఇంటికి వచ్చి ఉన్నాను.

‘అసలైన పుట్టిన సంవత్సరం’ అని రాశావు చూడు, ఆ ముక్కతో నా ప్రాణం పోయింది. అది ఈ లోకంలో నాకూ ప్రమీలమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇరవై ఒకటి నిండాలన్నారు. నాకు పందొమ్మిది. రెండేళ్ళు కలిపి చెప్పాను. అదీ పట్టుకున్నారంటే ఇక దాచి లాభం లేదని, చిన్నప్పటి బడి సర్టిఫికెట్టు పట్టుకుని ఆ సాయంత్రమే బస్సెక్కి నెల్లూరు వెళ్ళి, పై ఆఫీసరు ముందు నిలబడి అంతా కాగితం మీద రాసిచ్చి ఒప్పుకున్నాను.

ఆయన కుర్చీ సంగతి చదివి గుమాస్తాను పిలిచి మళ్ళీ చదివించుకున్నాడు. ఎద్దు సంగతికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వయసు దగ్గర మాత్రం నవ్వలేదు. వారం రోజులు నన్ను అక్కడే తిప్పి, చివరికి ఆర్డరు చేతిలో పెట్టాడు. రికార్డు సరిదిద్దారు. నాకు యాభై అయిదు కాదు, యాభై మూడే. చేసిన తప్పుకు శిక్షగా ఇంకో రెండేళ్ళు అదే సంతలో పని చేయాలి.

నీకు నిజం చెబుతాను. ఈ నెలలో నెల్లూరు వెళ్ళేదాకా ప్రతి సోమవారం నేను మనుబోలు రోడ్డు మీద నిలబడి, పోయే ఎడ్లను ఆపి పళ్ళు చూశాను. ఒక ఆసామి నన్ను దొంగ అనుకుని కర్ర ఎత్తాడు. మైదానం వదిలి ఎలా బతకాలో నాకు తెలియలేదు. ఆ ఆర్డరు చదువుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. శిక్ష పడినందుకు పశ్చాత్తాపమనుకుని బంట్రోతు మంచినీళ్ళిచ్చాడు.

ఇక సన్మానం. నౌకరీలో ఉన్నవాడు సన్మానం తీసుకోకూడదు. కానీ దండ చెప్పారు, బండి చెప్పారు, అయిదు వందల కాగితాలు అచ్చుకు సిద్ధం. నా మాట విని, వాటి మీద నా పేరు కొట్టేసి ప్రమీలమ్మ పేరు వేయండి. కాగితంలో రాసిన పనులు మార్చనక్కరలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ ఆవుకు కుడితి కలిపి పోసింది ఆమె. ఆ రోజు మాలకొండమ్మను ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టి, దారికి మూట కట్టి పంపింది ఆమె. అమ్ముడుపోని పశువులతో చీకటిపడిన రైతు ఏనాడూ మా ఇంటి నుంచి ఆకలితో పోలేదు. నేను చేసిందల్లా కాగితాల మీద అబద్ధాలు రాయడం. ఆమె పేరు ఏ సర్వీసు రిజిస్టరులోనూ లేదు కనుక ఆమెకు ఏ నిబంధనా అడ్డు రాదు. రిటైరు కావడమూ లేదు. ఇంకో రెండేళ్ళని చెబితే నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు, అయినా సోమవారానికని బియ్యం మాత్రం ఏరుతూ కూర్చుంది.

ఇట్లు,
మీ సూపరింటెండెంటు, రంగనాయకులు

తా.క.: ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. ముందే తెలిస్తే రాదు. మీ కమిటీ రహస్యం ఎంత బాగా దాస్తుందో నేను ఈ నెలంతా చూశాను కనుక, దయచేసి ఆమెకు ఒక్క ఉత్తరం కూడా రాయవద్దు.