బావి నీళ్ల పరీక్ష

వదినా,

ఈ ఉత్తరం అందగానే ఆ బావి నీళ్లు తాగడం మానేయండి.

నిరుడు అన్నయ్య సీసాలో ఆ నీళ్లు తెచ్చి, "కలుపు మందు వాసనేస్తోందే, నీ మిషన్ ఏమంటుందో చూడు" అన్నాడు. ల్యాబ్‌లో మిషన్ ఎలక్ట్రోడ్ కడ్డీని ఆ నీళ్లలో ముంచి చూస్తే మందు జాడ కనిపించలేదు. "నీ ముక్కు కన్నా నా ఎలక్ట్రోడ్ నయంలే, తాగు" అని నవ్వాను.

ఆ పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో నేను అంతకుముందు శుద్ధమైన నీటిలో మందు కలిపి మాత్రమే సరిచూసుకున్నాను. బావి నీటిలోని మట్టి ఎలక్ట్రోడ్‌కు పొరలా పట్టి మందును దాచేస్తుందని మొన్ననే తెలిసింది. ఫ్రిజ్‌లో మిగిలిన ఆ నీటినే వడకట్టి మళ్లీ చూస్తే, మందు ఉంది.

కిడ్నీలు పాడై అన్నయ్య పోవడం దీనివల్లేనో కాదో నేను చెప్పలేను. కానీ తన ముక్కును కాదని నా మాట నమ్మాడు.

మిమ్మల్ని నమ్మమని అడిగే మొహం లేదు నాకు. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి.

మీ ఆడపడుచు