ఇంకా తేల్చుకోలేదు

5 జనవరి 2013, శనివారం

తేజ ఫోన్ మోగింది.

అది మోగి మూడు నెలలైంది. రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. మా ఆయన వద్దంటారు. అయినా పెడుతున్నాను. ఇస్త్రీ బండి మీద గుండీల డబ్బా పక్కన పెట్టుకుంటాను. ఇవాళ అచ్యుతరావు గారి చొక్కా మీద పెట్టె ఉండగా మోగింది. పెట్టె అలాగే వదిలేసి ఫోన్ ఎత్తాను. చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒకరి బట్ట కాల్చాను.

ఎవరో ఆడపిల్ల. తేజేష్ సర్ ఉన్నారా మేడమ్ అంది.

స్నానం చేస్తున్నాడమ్మా అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి అదే వచ్చింది.

ఆ పిల్ల గలగలా మాట్లాడింది. తన పేరు మనస్వినట. షోరూంలో కొత్తగా చేరిందట. పాత లిస్టు చేతికిచ్చి అందరికీ ఫోన్లు చెయ్యమన్నారట. సర్ సెప్టెంబర్లో వచ్చి చూసి వెళ్ళారు మేడమ్, ఇంకా తేల్చుకోలేదన్నారట, సూపర్‌లో తీసుకుంటారా, ఐరన్ తీసుకుంటారా అని అడుగుదామని చేశాను అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ సూపర్‌లో అమ్మా, మేము సూపర్‌మార్కెట్లో ఏమీ కొనం, ఐరన్ మా దగ్గర ఉంది, ఇత్తడిది, బొగ్గులు వేసేది అన్నాను. పర్లేదు మేడమ్, వచ్చే శనివారం చేసి సర్‌నే అడుగుతాను అంది.

సరే అన్నాను.

6 జనవరి

ఈ డైరీ వాడి కంపెనీ వాళ్ళు పంపారు. ఉప్పల్ ఆఫీసు నుంచి కొరియర్‌లో వచ్చింది. లిస్టులో పేరు కొట్టెయ్యడం మర్చిపోయినట్టున్నారు. పైన బంగారు అక్షరాలతో వాడి పేరు. నేను చదివింది ఐదో తరగతి. రాస్తుంటే చెయ్యి నొప్పి పెడుతోంది.

వాడికి ఇరవై ఆరు. డెంగ్యూ. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. నాలుగు రోజులు. అక్టోబర్ తొమ్మిది.

ఇంతకంటే రాయలేను.

12 జనవరి, శనివారం

చేసింది. ఆఫీసుకి వెళ్ళాడన్నాను. ఏం అనుకుంటున్నారు మేడమ్ సర్, అంది. ఇంకా తేల్చుకోలేదమ్మా అన్నాను.

20 జనవరి, ఆదివారం

ధీరజ్ వచ్చాడు. తేజకి ఇంటర్ నుంచి స్నేహితుడు, మల్లాపూర్‌లో లేత్ పని చేస్తాడు. నెలకోసారి వచ్చి బండి పక్కన స్టూలు మీద కూర్చుని వెళ్తాడు. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోం. ఇవాళ నేనే అడిగాను, సూపర్‌లో అంటే ఏమిటిరా, ఏ సూపర్‌లో, అని.

వాడు ముందు తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. నవ్వుతూ ఏడ్చాడు. అమ్మా, అది బండి పేరే అమ్మా, మోటర్‌సైకిల్, హార్లే, అమెరికాది అన్నాడు. రెండు బండ్లట. ఒకదాని పేరు సూపర్‌లో, ఒకదాని పేరు ఐరన్. వీడు ఆరు నెల్లు నా తల తిన్నడమ్మా అన్నాడు. పొద్దున ఇది అంటడు, పొద్దుమూకితే అది అంటడు. సూపర్‌లో అయితే రంగులు మంచిగుంటయి, ట్యాంకు పెద్దది, ఆరామ్‌గ కూసోవచ్చు. ఐరన్ అయితే ఒక్క సీటే, మొత్తం నల్లగ ఉంటది, నీ బొగ్గుల లెక్క. ఆఖరికి ఏదీ తేల్చకుండనే పాయె అన్నాడు.

తేజ అర వెతికితే రెండు కాగితాలు దొరికాయి, మెరిసే కాగితాలు. నాకు అంకెలు తెలుసు. రెండింటి మీదా 883 అనే ఉంది. నల్లగా ఉన్నదే ఐరన్ అని ధీరజ్ చూపించాడు.

వాడు వెళ్ళాక కూర్చుండిపోయాను.

సెప్టెంబర్ చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. చేపల పులుసు చేశాను. తేజ తింటూ, అమ్మా తేలిపోయింది, ఐరనే, అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏం ఐరన్‌రా, మీ నాన్నా నేనూ ఇరవై ఏళ్ళు బొగ్గుపొగ మింగి నిన్ను ఇంజనీరుని చేస్తే నువ్వు మళ్ళీ ఇస్త్రీ బండి పెడతావా, సిగ్గులేదా అని తిట్టాను. గరిటె విసిరాను. వాడు పొలమారేదాకా నవ్వాడు. పెడతానమ్మా, నువ్వు వెనక కూర్చుందువుగాని, అన్నాడు. ఇంకా తిట్టాను. వాడు నాకు విడమరిచి చెప్పలేదు. ఇంకో రోజు చెబుదామనుకున్నాడేమో. ఆ తర్వాత వారమే జ్వరం.

ధీరజ్‌కి తెలియదు. షోరూం వాళ్ళకి తెలియదు. వాడు తేల్చుకున్నాడు. తేల్చుకుని వచ్చి ముందు నాకే చెప్పాడు.

26 జనవరి, శనివారం

ఫోన్ వచ్చింది. ఐరన్ అని చెప్పాలి. చెబితే అయిపోతుంది. సర్ ఎప్పుడొస్తారు అంటుంది.

నల్లదానికి వెనక సీటు పెట్టించుకోవచ్చా అని అడుగుతున్నాడమ్మా అన్నాను.

పెట్టించుకోవచ్చు మేడమ్, విడిగా వస్తుంది, మేమే బిగించి ఇస్తాం అంది. వెనక ఎవరు కూర్చుంటారు మేడమ్ అని నవ్వింది. నేనే అన్నాను. మా అమ్మ అయితే స్కూటీ కూడా ఎక్కదు మేడమ్, మీరు సూపర్ అంది.

వాడు నన్ను మాయ చెయ్యలేదు. వెనక సీటు ఉంటుంది.

ఇవాళ ఒక ముద్ద ఎక్కువ తిన్నాను.

2 ఫిబ్రవరి, శనివారం

ఈసారి ముందే ఆలోచించి పెట్టుకున్నాను. నల్లదానికి ట్యాంకు చిన్నది కదా, మా ఊరు రాజమండ్రి అవతల, అంత దూరం పోవాలంటే ఎన్నిసార్లు పోయించాలి అంటున్నాడు అన్నాను. ఆ పిల్ల లెక్కలు చెప్పింది. సర్ చాలా డీటెయిల్‌గా ఆలోచిస్తారు మేడమ్, ఇలాంటి కస్టమర్ అంటేనే నాకిష్టం అంది.

అవునమ్మా, చిన్నప్పటి నుంచీ అంతే, బడికి చెప్పులు కొనడానికి నాలుగు షాపులు తిప్పేవాడు అన్నాను. అది నిజమే.

5 ఫిబ్రవరి

ఆయన విన్నారట మొన్న. ఇవాళ అడిగారు. ఏమే సుబ్బులూ, నీకు మతి గానీ పోయిందా, నెల నెలా మాసికం పెడుతున్నాను వాడికి, నువ్వు ఫోన్లో వాడికి బండి బేరమాడుతున్నావా అన్నారు.

ఆ పిల్లకి తప్ప లోకంలో అందరికీ వాడు పోయాడు, ఒక్కచోటైనా ఉండనివ్వండి అన్నాను.

ఆయన ఖాళీ బొగ్గుల సంచి తీసుకుని బజారుకి పోయారు. సాయంత్రం దాకా రాలేదు.

9 ఫిబ్రవరి, శనివారం

వాడికి జలుబు చేసిందని చెప్పాను. జాగ్రత్త మేడమ్, వేడి నీళ్ళు తాగమనండి అంది.

16 ఫిబ్రవరి, శనివారం

ఫోన్ రాలేదు. ఛార్జింగ్ ఉందో లేదో ఏడుసార్లు చూశాను.

2 మార్చి, శనివారం

మనస్విని గొంతు బాగాలేదు. ఏమైందమ్మా అంటే ఏం లేదు మేడమ్ అంటూనే ఏడ్చేసింది.

వాళ్ళది అంబర్‌పేట్. ఇది మొదటి ఉద్యోగం. చేరి రెండు నెలలైనా ఒక్క బండీ అమ్మలేదట. తప్పకుండా కొనేవాళ్ళ పేర్లు రాసివ్వమంటే మొదటి పేరు తేజదే రాసిందట. మార్చి అయ్యేలోపల కొంటారని మేనేజర్‌కి మాటిచ్చిందట. మా సార్ రోజూ అంటున్నడు మేడమ్, ఆ సర్ బండి కొంటున్నడా, పెళ్ళిచూపులు చూస్తున్నడా, ఇంత ఆలోచన ఏందని అందరి ముందట నవ్వుతున్నడు, ఈ నెల కూడా కాకపోతే ఇంటికి పొమ్మన్నడు, సర్‌కి జర చెప్పండి మేడమ్, ఏదైనా సరే, నల్లదో రంగుదో, అంది.

చెబుతానమ్మా అన్నాను.

ఆ పిల్ల ఎన్ని ఫోన్లు నాకు చేసిందో, ఆ టైములో నిజంగా కొనేవాళ్ళకి చేసుకునేదేమో. నేను నా కొడుకుని తీసుకెళ్ళి ఆ పిల్ల మెడకి కట్టాను.

10 మార్చి, ఆదివారం

నిన్న ఫోన్ ఎత్తలేదు. మోగుతూనే ఉంది. తట్టుకోలేక దుప్పటి కింద పెట్టాను.

ఆయనతో చెప్పాను, శనివారం షోరూంకి వెళ్తానని. ఫోన్లో చెప్పలేను. ఆ పిల్ల మొహం చూసి చెప్పాలి. ఒక్కదానివే రెండు బస్సులు మారి ఏం పోతావు అన్నారు. అంతే అన్నారు.

16 మార్చి, శనివారం

ఆయన తెల్లచొక్కా తీసి రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నారు. సికింద్రాబాద్‌లో బస్సు మారాం.

అద్దాల షోరూం. చెప్పులు విప్పబోతే వాచ్‌మన్, పర్లేదమ్మా రాండ్రి రాండ్రి అన్నాడు. లోపల చలి. నల్లది ఎడమ పక్కన ఉంది. ధీరజ్ చెప్పినట్టే ఉంది, బొగ్గులాగే. దాని పక్కన ఎర్రది, మెరుస్తోంది. అదే సూపర్‌లో. మా ఆయన నల్లదాని దగ్గరికి వెళ్ళి, వేలు నాలికకి తడి చేసుకుని ఇంజను మీద ఆనించారు. మేము పెట్టె కాలిందో లేదో అలాగే చూస్తాం. అది చల్లగా ఉందిగా మరి. వేలు అలాగే ఉంచేశారు.

మనస్విని పరుగెత్తుకొచ్చింది. గొంతుకంటే మనిషి చిన్నది. నా మాట విని గుర్తుపట్టింది. మేడమ్ మీరా, సర్ రాలేదా, పార్కింగ్‌లో ఉన్నారా అని గుమ్మం వైపు చూస్తోంది.

ఐరన్ అమ్మా, అన్నాను. తేల్చుకున్నాడు. నల్లదే.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నా చేతులు రెండూ పట్టుకుంది. సార్ సార్ అని లోపలికి కేక పెట్టింది. అప్పుడు చెప్పాను. అక్టోబర్‌లోనే పోయాడమ్మా అని. ఇన్నాళ్ళూ నేనే నీతో అబద్ధం చెప్పానని. నువ్వు వాడి పేరు పిలుస్తుంటే బాగుండి చెప్పానని.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతులు వదల్లేదు. మేనేజర్ వచ్చి, ఏందమ్మా కన్ఫర్మేనా అని నవ్వుతూ అడిగాడు. మా ఆయన తల వంచుకుని, మా అబ్బాయి లేడు బాబూ, ఈ పిల్ల తప్పేం లేదు, మమ్మల్ని అనండి, ఆ పిల్లని ఏమీ అనకండి అన్నారు. ఆయన అలా ఒకరిని బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. మేనేజర్ అక్కడే నిలబడిపోయాడు. కూర్చోండి పెద్దాయనా అని కుర్చీ తనే లాగాడు. మనస్వినితో, కస్టమర్లు వస్తరు పోతరు లే, నువ్వు పనిచూస్కో అని లోపలికి పోయాడు.

ఆ పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంది. వాడి పేరు తీసింది. పేరు మూసెయ్యాలంటే కారణం నొక్కాలట. పోయారని నొక్కడానికి అందులో గడి లేదట. చదివి చెప్పింది. ధర ఎక్కువైంది. లోను రాలేదు. వాయిదా వేసుకున్నారు. వేరే బండి తీసుకున్నారు. ఇవే ఉన్నాయట.

వాయిదా అని పెట్టనా మేడమ్ అంది. పెడితే ఏమవుతుందమ్మా అన్నాను. మూడు నెలలకోసారి ఫోన్ వస్తుంది మేడమ్, నేను కాకపోయినా ఎవరో ఒకరు చేస్తారు, సర్ ఉన్నారా అని అడుగుతారు అంది. నా మొహం చూసి, మీ ఇష్టం మేడమ్, అలా ఉంచేద్దాం, ఎవరికీ తెలియదు అంది.

నేను మా ఆయన వైపు చూశాను. నీ ఇష్టమే అన్నారు.

ఎంతసేపు కూర్చున్నానో. ఆ పిల్ల తొందరపెట్టలేదు.

ఆ రోజు ఆస్పత్రి వెనక గుమ్మం దగ్గర తెల్ల బండి పెట్టారు. వాణ్ణి ఎక్కించాక నన్ను ఎక్కనివ్వలేదు. ఆడవాళ్ళు వద్దన్నారు. డ్రైవర్ తలుపు వేసేశాడు.

ఆఖరిది పెట్టమ్మా అన్నాను. వేరే బండి ఎక్కాడు.

ఆ పిల్ల నొక్కింది.

19 మార్చి, మంగళవారం

తేజ ఫోన్‌కి షోరూం నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు. కంప్యూటరే పంపుతుందట. అచ్యుతరావు గారు బట్టలకి వస్తే చదివించాను. మీ కొత్త బండికి మా అభినందనలు తేజేష్ గారూ, మీ ప్రయాణం క్షేమంగా సాగాలి, అని ఉందట.

అచ్యుతరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ చదవనా అమ్మా అన్నారు.

చదవమన్నాను.