ఓడ దిగేలోపు చెప్పాల్సిన మాట

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఓడ కూడా క్షేమమే, కాస్త ఊగడం తప్ప. రేపు ఆగే రేవులో ఈ ఉత్తరం పోస్టు చేయిస్తామన్నారు. మాకంటే ముందే మీకు అందాలి.

నా పెట్టెలో మీరు పెట్టిన చీటీ చూశాను. పిల్లలు తింటున్నారా అని అడిగారు. అవసరానికి మించే తింటున్నారు. మామయ్యకి కళ్లు తిరగడం తగ్గింది, ఇక కెప్టెన్‌కి దారి చూపించడం ఒక్కటే తక్కువ. అత్తయ్యతో ఎలా ఉందన్నారు. మామయ్యది పక్క గది. కిటికీ లేని ఈ గదిలో ఆవిడ, నేను, పిల్లలిద్దరూ. పై బెర్తు నాది. లేచి కూర్చుంటే తల కప్పుకి తగులుతుంది. ఇక్కడ గది తలుపు తీయాలన్నా, భోజనానికి వెళ్లాలన్నా, రేవులో దిగాలన్నా ఎవరి కార్డు వాళ్లు చూపించాలి. "పారేసుకుంటారర్రా" అంటూ అత్తయ్య అందరివీ తన మెళ్లో వేసుకున్నారు. దాంతో అందరికీ ఒకేసారి ఆకలేస్తోంది, ఒకేసారి నిద్రొస్తోంది.

ఈ ప్రయాణానికి మీరెందుకు వస్తానన్నారో గుర్తుందిగా? సెలవుల్లో అందరూ సరదాగా ఉంటారు, వేరు కాపురం సంగతి ఓడలో నేనే చెబుతాను, బడులు తెరిచేలోపు మారిపోదాం అన్నారు. రెండేళ్ల వాయిదాల తర్వాత ఇల్లు కూడా చూసుకున్నాం. తీరా బయల్దేరే ముందు సెలవు దొరకలేదన్నారు. చెప్పాల్సిన మాట నా గొంతులో, వినాల్సినవాళ్లు నా పక్కన, చుట్టూ నీళ్లు. ఇంట్లోనైతే కోపమొచ్చినప్పుడు వంటింట్లోకి పోయి గిన్నెల మీద చూపించేదాన్ని. ఇక్కడ వంటిల్లు కూడా పరాయివాళ్లదే.

ఇంతసేపూ అసలు సంగతి దాటేస్తూ వచ్చాను. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్య, మన కోసం మేడ మీద రెండు గదులు వేయిస్తున్నానని ప్రకటించారు. పక్క బల్లవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

"వద్దు మామయ్యా, మేం వేరే ఇల్లు చూసుకున్నాం" అనేశాను.

భోజనాలయ్యాక పిల్లల్ని తీసుకుని మామయ్య ఈతకొలను దగ్గరికి వెళ్లారు. గదిలో అత్తయ్య, నేను మిగిలాం.

"ఏమే, వేరే వెళ్లడం నీకిష్టమేనా?"

"ఇష్టమే అత్తయ్యా. మీరు తట్టుకోలేరని ఆయనే..."

"నేనా? వేరే ఉండండ్రా, సుఖంగా ఉంటారని పోయినేడే వాడికి చెప్పాను. నువ్వే మమ్మల్ని వదిలి వెళ్లనని ఏడుస్తున్నావన్నాడు. అందుకేగా మీ మామయ్య ఆ గదుల పని పెట్టుకుంది!"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని మీరు వాపోతుంటే ఎంత జాలిపడ్డానో! మొదట ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత నాకు ఏడుపొచ్చింది, ఇన్నాళ్లూ ఆవిడంటే అనవసరంగా భయపడి బతికినందుకు. ఆవిడే దగ్గరికి తీసుకుని కళ్లు తుడిచారు.

ఆ ఇల్లు వదలడం మీకే ఇష్టం లేదా? అయితే ఆ మాట మీ పేరు మీదే చెప్పండి, వింటాను. నా పేరూ వద్దు, అత్తయ్య పేరూ వద్దు. ఆదివారం పొద్దున్నే రేవుకి రండి. మేమిద్దరం కలిసే దిగుతాం.

ఇట్లు,
మీ భార్య,
పక్కనే కూర్చుని ప్రతి ముక్కా చదివి సరేనన్న మీ అమ్మ